‘ది ఇల్యూషనిస్ట్’: ప్రేమ గెలిచింది సరే, యువరాజు చేయని హత్యకు బలయ్యాడు కదా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నీల్ బర్గర్ దర్శకత్వంలో 2006లో వచ్చిన ‘ది ఇల్యూషనిస్ట్’ చిత్రాన్ని మొన్న ఆదివారం రెండవసారి చూశాను. అడగబోయేది ముగింపు గురించే కాబట్టి, చిత్రం చూడనివారు ఇక్కడే ఆగితే మంచిది.

కాలేజీ రోజుల్లో మొదటిసారి చూసినప్పుడు నాకది అచ్చమైన ప్రేమకథ. ఒక చెక్కపనివాడి కొడుకు, ఒక రాజవంశపు పిల్ల చిన్నతనంలో ఇష్టపడతారు. పెద్దవాళ్లు విడదీస్తారు. పదిహేనేళ్ల తరువాత ఆ కుర్రవాడు ఐజెన్‌హైమ్ అనే పేరుతో పేరుమోసిన ఐంద్రజాలికుడై వియన్నాకు వచ్చేసరికి, సోఫీ యువరాజు లియోపోల్డ్‌కు కాబోయే భార్యగా ఉంటుంది. చిన్నప్పుడు అతడు తన చేతులతో చేసి ఇచ్చిన చెక్క లాకెట్ ఆమె దగ్గర ఇంకా భద్రంగా ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోయే ఆ బిళ్లను ఒక వాటంగా తిప్పితేనే అది హృదయాకారంలోకి మారి, లోపల దాచిన చిన్న ఫొటో బయటపడుతుంది. వాటం తెలియనివారికి అది వట్టి చెక్క ముక్క. ఆ లాకెట్ కోసమే ఆ చిత్రాన్ని ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్నాను.

ఈసారి మాత్రం ముగింపు దగ్గర మనసు ఒప్పుకోలేదు. సోఫీ చనిపోలేదు, లియోపోల్డ్ ఆమెను చంపలేదు. అయినా ఊరంతా అతడే హంతకుడని నమ్మింది, అతడు తుపాకీతో కాల్చుకున్నాడు. అంతా ఐజెన్‌హైమ్, సోఫీ ఆడిన నాటకమని రైల్వే స్టేషన్‌లో గ్రహించిన ఇన్‌స్పెక్టర్ ఊల్ పగలబడి నవ్వుతాడు. మొదటిసారి నేనూ అతనితో పాటు నవ్వాను. ఈసారి నవ్వు రాలేదు. ఒక మనిషి మీద చేయని హత్య మోపి గెలుచుకున్న ప్రేమను మనం ఏ మనసుతో ఆనందించాలి? మీరు ఎలా చూశారో చెప్పండి.

జవాబు 1

మీ బాధ అర్థమైంది కానీ, లియోపోల్డ్ సోఫీ హత్య నింద వల్లనే చనిపోయాడని నేను అనుకోను. తండ్రిని దింపి సింహాసనం ఎక్కాలని అతడు పన్నుతున్న కుట్రను ఊల్ చక్రవర్తికి చేరవేశాడు. సైనికులు వచ్చింది అందుకు. అంతకుముందు ఆడవాళ్ల మీద అతడు చేసిన దౌర్జన్యాల గురించి ఊరంతా చెప్పుకుంటూనే ఉంది. చేయని హత్యకు అతడు బలైతే, చేసినవాటికి అసలు శిక్షే పడలేదు. ఊల్ నవ్వులో నాకు కనిపించింది క్రూరత్వం కాదు, కసాయివాడి కొడుకుగా పుట్టి పై అధికారుల ముందు తలవంచుకుని బతికినవాడికి మొదటిసారి దొరికిన ఊరట.

జవాబు 2

ఈ కథ వెనుక ఉన్న నిజమైన చరిత్రను పక్కన పెడితే మీ ప్రశ్నలో సగమే మిగులుతుంది. లియోపోల్డ్ కల్పిత పాత్ర. కానీ 1889 జనవరి 30న వియన్నాకు సమీపంలోని మాయర్లింగ్ వేట బంగళాలో ఆస్ట్రియా యువరాజు రుడాల్ఫ్, పదిహేడేళ్ల మేరీ వెట్సెరా తుపాకీ గాయాలతో శవాలై కనిపించారు. యువరాజు గుండె ఆగి చనిపోయాడని ఆస్థానం మొదట ప్రకటించింది. ఆ అమ్మాయి ఊసు బయటికి పొక్కకుండా, ఆమె మృతదేహానికి బట్టలు తొడిగి, ఇద్దరు దగ్గరి బంధువుల మధ్య బతికున్న మనిషిలా బండిలో కూర్చోబెట్టి, రాత్రికి రాత్రి హైలిగెన్‌క్రోయిట్స్ మఠానికి తరలించి పాతిపెట్టారు.

ఇప్పుడు చిత్రాన్ని దీని పక్కన పెట్టి చూడండి. చరిత్రలో రాజకుటుంబం చనిపోయిన అమ్మాయిని బతికున్నట్లు చూపించింది. చిత్రంలో ఐజెన్‌హైమ్ బతికున్న అమ్మాయిని చనిపోయినట్లు చూపించాడు. ఆస్థానం వాడిన ఆయుధాన్నే అతడు తిరిగి ఆస్థానం మీద వాడాడు. దర్శకుడు ఇంత లెక్కగా ఆలోచించాడని నేను రుజువు చేయలేను, కానీ ఈ పోలిక తట్టినప్పటి నుంచి ఆ ముగింపు నాకు తేలికైన ఉపాయంలా అనిపించడం మానేసింది.

మరొక సంగతి. వియన్నా అని మనం చూసినదంతా చెక్ దేశంలో తీశారు. యువరాజు వేట భవనంగా కనిపించే కొనోపిష్టె కోట, రుడాల్ఫ్ మరణం తరువాత వారసత్వ వరుసలో ముందుకు వచ్చిన ఫ్రాంజ్ ఫెర్డినాండ్ సొంత నివాసం. గోడల నిండా అతడు వేటాడిన జంతువుల కొమ్ములూ తలలూ ఉంటాయి. అలాంటి గదిలో నిలబడి, లియోపోల్డ్‌గా నటించిన రూఫస్ సెవెల్ మాట్లాడుతుంటే, ఆ మనిషి ఎంత భయంకరుడో వేరే సంభాషణ పెట్టి చెప్పవలసిన పని ఉండదు.

ఛాయాగ్రహణం గురించి కూడా చెప్పాలి. డిక్ పోప్ ఈ చిత్రానికి ఆస్కార్ నామినేషన్ పొందారు. అంచులు మసకబారి, మధ్యలో బంగారు రంగు వెలిగే ఆ దృశ్యాలు ఆటోక్రోమ్ ఫొటోలను గుర్తుచేస్తాయి. రంగులద్దిన బంగాళాదుంప పిండి రేణువులను గాజు పలక మీద పరచి లూమియేర్ సోదరులు తెచ్చిన ఆ పద్ధతి 1907లో గాని బజారులోకి రాలేదు, కాబట్టి కథాకాలానికి అది కాస్త తరువాతిది. అయినా పాత ఆల్బమ్ తెరిచి ఒకరి జ్ఞాపకంలోకి తొంగిచూస్తున్న భావన కలుగుతుంది. ఫిలిప్ గ్లాస్ సంగీతం కూడా ఆ భావననే గట్టిపరిచింది.

జవాబు 3

నేను చిన్నప్పటి నుంచి పేకముక్కలతో, నాణేలతో సాధన చేస్తున్నవాడిని. నా అభ్యంతరం వేరు.

ఐజెన్‌హైమ్ వేదిక మీద క్షణాల్లో పెంచి చూపించే నారింజ చెట్టు కల్పన కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన రాబర్ట్ హుదాఁ తన పారిస్ రంగస్థలం మీద దాన్ని నిజంగానే ప్రదర్శించాడు. ఆకుల మాటున దాచిన పూలు ముందు విచ్చుకునేవి, తరువాత కాయలు కనిపించేవి, వాటిని కోసి ప్రేక్షకులకు పంచేవాడు, చివరి కాయ విచ్చుకుంటే రెండు సీతాకోకచిలుకలు ప్రేక్షకురాలి చేతిరుమాలును పైకెత్తేవి. అదంతా గడియారాల పనివాడి యంత్ర నైపుణ్యం. మన వీధుల్లో గారడీవాళ్లు మామిడి టెంక పాతి, గుడ్డ కప్పి, తీసినప్పుడల్లా మొక్కను ఇంకాస్త ఎదిగించి చూపేది ఇదే కోవలోని విద్య. యువరాజు నేల మీది నుంచి కత్తిని ఎత్తలేకపోయే ఘట్టం చూసినప్పుడు కూడా నాకు హుదాఁ గుర్తుకు వచ్చాడు. 1856లో ఫ్రెంచి ప్రభుత్వం పంపగా ఆయన అల్జీరియా వెళ్లి, ఒక చిన్న పెట్టెను బలశాలి చేత కూడా కదలనివ్వకుండా చేశాడు. పెట్టె కింద దాచినది విద్యుదయస్కాంతం.

ఇంత చక్కటి చరిత్ర చేతిలో ఉండగా, తెర మీద ఆ చెట్టును కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో పెంచడం నన్ను నిజంగా నొప్పించింది. కళ్ల ముందు ఉన్న వస్తువు మోసం చేస్తేనే మేజిక్. ఐజెన్‌హైమ్ చనిపోయినవాళ్ల ఆత్మలను వేదిక మీదికి రప్పించే ఘట్టాలూ అంతే. 1862లో లండన్‌లో పెప్పర్ ప్రదర్శించిన దయ్యానికి వాలుగా నిలబెట్టిన పెద్ద గాజు పలక కావాలి, దాచిన గది కావాలి, తగిన వెలుతురు కావాలి. ఐజెన్‌హైమ్ ఖాళీ వేదిక మీద కుర్చీలో కూర్చుంటే ఆత్మ ప్రేక్షకుల మధ్య నడిచిపోతుంది. అది ఎలా సాధ్యమో చిత్రం చివరిదాకా చెప్పదు.

మీ ప్రశ్నకు వస్తాను. తెలుగులో ఐంద్రజాలికుడు వేరు, మాంత్రికుడు వేరు. మొదటివాడు కనికట్టు చేస్తున్నానని ముందే ఒప్పుకుంటాడు. రెండవవాడు తనకు నిజంగా శక్తి ఉందంటాడు. ఐజెన్‌హైమ్ చేసిన తప్పు, తప్పంటూ ఉంటే, ఈ గీత దాటడం. బిడ్డలను పోగొట్టుకున్నవాళ్లు కూడా ఆ హాలులో కూర్చుని నమ్మారు. 1956లో బీబీసీ పనోరమా కార్యక్రమంలో పి.సి. సర్కార్ ఒక అమ్మాయిని రంపంతో కోసి, ఆమె లేచేలోపే ప్రసార సమయం ముగిసిపోతే, ఆమె చనిపోయిందనుకుని జనం ఫోన్లమీద ఫోన్లు చేశారు. ఆమెకు ఏమీ కాలేదని తరువాత అందరికీ తెలిసింది. వియన్నా ప్రజలకు అది ఎప్పటికీ తెలియదు. యువరాజు కంటే ఆ ప్రేక్షకుల గురించే నేను ఎక్కువ బాధపడతాను.

జవాబు 4

అసలు సోఫీ బతికే ఉందని మనకు ఎవరు చెప్పారు? కథ అంతా ఊల్ చెబుతున్నదే. ఆ ఇద్దరి బాల్యం అతడు చూడలేదు, వాళ్ల ఏకాంతం చూడలేదు, చివర్లో వాళ్లు కలుసుకునే కొండల మధ్య ఇల్లు అసలే చూడలేదు. ఒక నేరస్థుడిని పట్టించి, ఉద్యోగం పోగొట్టుకుని, ఒంటరిగా మిగిలిన మనిషి తనకు ఓదార్పుగా అల్లుకున్న ముగింపు అది అని నా అభిప్రాయం. పాల్ జియామటి ముఖంలో ఆ నవ్వు వచ్చే క్రమం చూడండి. ముందు అనుమానం, తరువాత ఆశ, ఆ తరువాతే నవ్వు. సాక్ష్యం దొరికినవాడి వరుస అలా ఉండదు.

జవాబు 5

పైవారి వాదన అందంగా ఉంది, కానీ లాకెట్ సంగతి ఏమిటి? స్టేషన్‌కు ముందే ఊల్‌కు గడ్డం ఉన్న మనిషి ఒకడు తగులుతాడు, ఊల్ జేబులో ఉన్న సోఫీ లాకెట్ మాయమవుతుంది. ఒక కుర్రవాడు నారింజ చెట్టు రహస్యం రాసిన కాగితాలు చేతికిస్తాడు. ఇవి ఊహలు కావు, ఊల్ చేతికి తగిలిన వస్తువులు. వివరాలు అతడు ఊహించుకుని ఉండవచ్చు, కానీ ఐజెన్‌హైమ్ బతికి ఉన్నాడన్నది ఖాయం. చనిపోయిన ప్రియురాలి లాకెట్ కోసం ఎవరైనా పోలీసు జేబు కొట్టవచ్చు అంటారా, అదీ నిజమే. అయితే ఆ సమయంలో అతడి నడకలో దుఃఖం లేదు, తొందర ఉంది.

నాకు లోటుగా అనిపించినది సోఫీ పాత్ర. ఈ చిత్రానికి ఆధారం స్టీవెన్ మిల్‌హౌసర్ రాసిన ‘ఐజెన్‌హైమ్ ది ఇల్యూషనిస్ట్’ అనే చిన్న కథ. ప్రేమకథను పెంచి పెద్దది చేసింది చిత్రమే. అంత చేసినప్పుడు ఆ అమ్మాయికి ఇంకొంచెం చోటు ఇవ్వవలసింది. ఆలోచించండి, ఆ రాత్రి తాగి కత్తి దూసిన యువరాజు ఎదుట నిలబడింది ఆమె. శవంలా కనిపించే మందు మింగింది ఆమె. పేరు, ఆస్తి, పుట్టిల్లు అన్నీ వదులుకున్నది ఆమె. ఐజెన్‌హైమ్ పథకం అని అందరం అంటున్నాం, అందులో ప్రాణం పణంగా పెట్టింది సోఫీ. జెస్సికా బీల్‌కు ఆ నిర్ణయం తీసుకునే ఒక్క దృశ్యం కూడా రాయలేదు. రహస్యం దాచాలి కనుక రాయలేకపోయారని తెలుసు, అయినా కొరత కొరతే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నేను లియోపోల్డ్ గురించి అడిగితే మీరు నన్ను సోఫీ దగ్గరికి తీసుకువచ్చారు. ఆ రాత్రి ఆమె తిరిగి ఆ భవనంలోకి ఎందుకు నడిచి వెళ్లిందో రెండుసార్లు చూసినా నేను ఆలోచించలేదు. మాయర్లింగ్ అమ్మాయిని బండిలో కూర్చోబెట్టిన సంగతి చదివాక చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. యువరాజు విషయంలో నా మనసు ఇంకా పూర్తిగా సమాధానపడలేదు. ఈ శనివారం మా ఆవిడతో కలిసి మళ్లీ చూస్తున్నాను. ఈసారి ఊల్‌ను కాకుండా, ఆ రాత్రి గుర్రపుశాలలోకి వెళ్లే ముందు సోఫీ ముఖాన్ని చూస్తాను.