హంపి ప్రయాణానికి వికీవాయేజ్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

నమస్కారం, మాది తిరుపతి. మోకాళ్ల నొప్పులున్న అమ్మను హంపి తీసుకెళ్లాలని వికీవాయేజ్ చూసి ప్లాన్ వేస్తున్నాను. ఎవరైనా దిద్దగల ఆన్‌లైన్ ట్రావెల్ గైడ్ కదా, ఏది తాజా సమాచారమో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. కొన్ని హోటళ్ల వివరాల చివర ఏ నెలలో సరిచూశారో ఉంది, కొన్నిటికి లేదు. పేజీని ఎప్పుడెప్పుడు మార్చారో చూపే ‘పేజీ చరిత్ర’లో తేదీలున్నాయి గానీ, అక్షరదోషం దిద్దినా కొత్త తేదీ పడుతుంది! మీరెలా సరిచూసుకుంటారు?

విఠల ఆలయం దగ్గర పార్కింగ్ నుంచి బ్యాటరీ బండ్లు నడుస్తాయట. పెద్దవాళ్లతో ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి, ఇంకా ఎంత నడవాల్సి వస్తుంది?

ఇంకో మాట. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటైన మన చంద్రగిరి గురించి నాకు బాగా తెలుసు. ఆ వివరాలు వికీవాయేజ్‌లో చేర్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?