స్టాండింగ్ కమిటీ ఆమోదించినా స్విమ్మింగ్ పూల్ పని మొదలవ్వలేదు: ఏ కాగితాలు అడగాలి?

బీచ్‌రోడ్_వాకర్:
ఆంధ్రప్రదేశ్‌లో ఒక నగరపాలక సంస్థ పూల్ గురించి. 25 మీటర్ల పొడవు, 12.5 వెడల్పు, లోతు 1 నుంచి 2 మీటర్లు. నీళ్లు నిలవక మూతపడింది. మరమ్మతులకు 50 లక్షలు స్టాండింగ్ కమిటీ ఆమోదించి ఆరు నెలలైంది. సైట్‌లో పార కూడా పడలేదు. ఆమోదం తర్వాత ఇంకా ఏమేం జరగాలి? ఆ అంచనాతో పూల్ నిజంగా బాగుపడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎం_బుక్:
కమిటీ ఇచ్చేది పరిపాలనా అనుమతి మాత్రమేనండి. ఆ తర్వాత అంచనా, డిజైను సరిచూసి ఇంజినీరింగ్ విభాగం ఇచ్చే సాంకేతిక అనుమతి, టెండరు, టెండరు ఆమోదం, అగ్రిమెంటు, సైట్ అప్పగింత. ఫైలు వీటిలో ఏదో ఒకచోట ఆగి ఉంటుంది.

ముందు తీర్మానం నంబరు, తేదీ, పూర్తి పాఠం తీసుకోండి. పేపర్లో వచ్చేది ఎజెండా అంశం. తీర్మానంలో ఆఖరి వాక్యం వేరుగా ఉండొచ్చు. ‘ఆమోదించడమైనది’ అని ఉంటే సరే. ‘నిధుల లభ్యతను బట్టి’ అని ఉంటే ఆరు నెలలు ఆగడంలో వింత లేదు, ఏ పద్దు నుంచి డబ్బు ఇవ్వాలో ఎవరూ తేల్చలేదన్నమాట. టేబుల్ ఎజెండాగా, అంటే ముందుగా పంపకుండా సమావేశంలోనే పెట్టిన అంశమైతే వెనుక పూర్తి అంచనా ఉందో లేదో తప్పక చూడండి.

సమాచార హక్కు దరఖాస్తు 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. ‘పని ఎందుకు మొదలుపెట్టలేదు’ అని రాయకండి, అలాంటి ప్రశ్నకు సమాధానం రాదు. కాగితాల పేర్లు రాసి అడగండి: తీర్మానం ప్రతి, ఎస్టిమేటు పూర్తి ప్రతి, సాంకేతిక అనుమతి తేదీ, టెండరు నోటీసు, ఎంతమంది బిడ్లు వేశారు, అగ్రిమెంటు, ఫైల్ నోటింగ్స్ (ఫైలు మీద అధికారులు రాసిన వ్యాఖ్యలు). పని నడిచాక ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు. సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. దీన్ని వాడేవాళ్లు తక్కువ, వాడాలి.

ఇంకొకటి. 50 లక్షల్లో 18 శాతం జీఎస్టీ, 1 శాతం లేబర్ సెస్ కలిసి ఉంటే అసలు పనికి మిగిలేది దాదాపు 42 లక్షలే.

పూల్_ఫిట్టర్:
ఎస్టిమేటు చేతికొచ్చాక మొదటి పేజీలో చూడాల్సింది ఒక్కటే: లీకు ఎక్కడుందో కనిపెట్టాకే రాశారా? లేకపోతే టైల్స్ మార్చి, నీలం రంగు వేసి, మళ్లీ నీళ్లు ఇంకిపోతుంటే చూస్తూ కూర్చోవాలి.

పరీక్షకు ఖర్చేమీ కాదు. బకెట్‌లో పూల్ నీళ్లు పోసి మెట్టు మీద పెట్టి, లోపలా బయటా మట్టం గుర్తు పెట్టాలి. 24 గంటల తర్వాత బకెట్‌లో తగ్గింది ఆవిరి. పూల్‌లో అంతకన్నా ఎక్కువ తగ్గింది లీకు. మీ పూల్‌కి 1 సెంటీమీటరు తగ్గితే 3,125 లీటర్లు పోయినట్టు. ఒకరోజు మోటారు ఆన్ చేసి, ఒకరోజు ఆపి చూడాలి. ఆన్‌లో ఎక్కువ పోతే పూల్‌లోకి నీళ్లు తెచ్చే రిటర్న్ లైను, ఆఫ్‌లో ఎక్కువ పోతే పూల్ నుంచి మోటారుకు నీళ్లు లాగే సక్షన్ లైను, రెండూ సమానమైతే గోడలో గానీ అడుగున గానీ. మట్టం ఒకచోటికి వచ్చి ఆగిపోతే ఆ ఎత్తులోనే వెతకండి. చాలాసార్లు లీకు నీటిలోపలి లైటు గూడు దగ్గరో, నీళ్లు వచ్చే ఇన్‌లెట్ జాయింట్ దగ్గరో దొరుకుతుంది.

ఎస్టిమేటులో ఉండాల్సినవి: పైపులైనుకు ప్రెషర్ టెస్ట్, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ అంటించకముందే నీళ్లు నింపి వారం పాటు పరీక్ష, టైల్స్ మధ్య సందులు నింపడానికి ఎపాక్సీ గ్రౌట్. సిమెంటు గ్రౌట్ క్లోరిన్ నీళ్లలో అరిగిపోతుంది.

తీరప్రాంతంలో భూగర్భజలం పైనే ఉంటుంది. వానాకాలంలో పూల్ పూర్తిగా తోడేస్తే కింది నీటి ఒత్తిడికి అడుగు పగులుతుంది, ఒక్కోసారి పూల్ మొత్తం పడవలా లేస్తుంది. ఆ ఒత్తిడిని తగ్గించే హైడ్రోస్టాటిక్ రిలీఫ్ వాల్వ్ అడుగున ఉందో లేదో చూసి, ఎండాకాలంలోనే తోడించండి.

బీచ్‌రోడ్_వాకర్:
ఎస్టిమేటు దొరికింది. టైల్స్, పెయింటింగ్, షవర్ గదులు ఉన్నాయి. పైపులైను పరీక్ష లేదు, ఫిల్టర్ల ఊసే లేదు. టెండరు ఇంకా పిలవలేదట.

ఎం_బుక్:
ఇంకా పిలవకపోవడమే మీకు మేలు. సవరించిన అంచనా కోరుతూ కమిషనర్‌కు, మీ కార్పొరేటర్‌కు ఇప్పుడే రాసివ్వండి. పత్రం అందినట్టు ఆఫీసు ఇచ్చే ఇన్వర్డ్ నంబరు తీసుకోవడం మరవకండి. అగ్రిమెంటు అయ్యాక కొత్త ఐటెం చేర్చాలంటే దానికి మళ్లీ అనుమతి కావాలి, ఈలోగా కాంట్రాక్టరు టైల్స్ అంటించేస్తాడు. పాలకవర్గం గడువు ముగిసి ఉంటే అదే పత్రం ప్రత్యేకాధికారికి ఇవ్వండి. ఎన్నికల కోడ్ తేదీలు కూడా గమనించుకోండి: వర్క్ ఆర్డర్ ఉన్నా, కోడ్ వచ్చేనాటికి సైట్‌లో మొదలుకాని పనిని మొదలుపెట్టనివ్వరు.

పూల్_ఫిట్టర్:
ఆ పత్రంలో ఈ లెక్క పెట్టండి. పూల్‌లో నీళ్లు దాదాపు 4.7 లక్షల లీటర్లు. 6 గంటలకోసారి మొత్తం వడపోయాలంటే మోటారు గంటకు 78 వేల లీటర్లు తోడాలి. దానికి 1.4 మీటర్ల వ్యాసం ఉన్న శాండ్ ఫిల్టర్లు రెండు కావాలి. ఒక్కటే పెడితే నీటి వేగం ఎక్కువై మురికి ఇసుకలోంచి దూసుకుపోతుంది.

జలవిహారి:
మరమ్మతులయ్యాక నడిపేదెవరన్నది కూడా ఇప్పుడే రాయించండి. మూతపడే పూల్స్ చాలావరకు నిర్వహణ పద్దు లేక మూతపడినవే. క్లోరిన్ 1–3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పీహెచ్ 7.2–7.8 మధ్య ఉండాలి. ఈ పూల్‌కి 2 పీపీఎం పెంచాలంటే 65 శాతం బ్లీచింగ్ గ్రాన్యూల్స్ దాదాపు కిలోన్నర పడతాయి. ఎండకు క్లోరిన్ తగ్గిపోతుంది కాబట్టి ఉదయం, సాయంత్రం రెండుసార్లు కొలవాలి. లీజుకిస్తే ఈ కొలతల రిజిస్టరు, ప్రతి బ్యాచ్‌కీ లైఫ్‌గార్డు, ఫీజు పెంచాలంటే కమిటీ అనుమతి, ఈ మూడూ లీజు షరతుల్లో ఉండాలి. విజయవాడ సర్ విజ్జీ పూల్, విశాఖ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ కూడా కార్పొరేషన్‌వే. అక్కడి ఫీజులు, బ్యాచ్ వేళలు తెలుసుకుని మీ పత్రానికి జతచేయండి.