పాత వేగనార్‌కు కొత్త మోడల్ కంప్యూటర్ ఎక్కించవచ్చా?

నైంనగర్ వాసి:
నాది 2006 వేగనార్, పెట్రోల్, ఏపీ 36 నంబరు. పదిహేనేళ్లు నిండాక మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను, కాబట్టి అమ్మేయమనే సలహా వద్దు. మొన్నటి వానకు ఇంటి ముందు నిలిపిన బండిలోకి నీళ్లు చేరాయి. అప్పటి నుంచి సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజను అందుకోదు. తాళం తిప్పినా చెక్ ఇంజన్ లైటు వెలగదు. ఈసీఎం (ఇంజనును నడిపే కంప్యూటర్ పెట్టె) పోయిందని మెకానిక్ తేల్చేశాడు. పాత సామాన్ల దుకాణంలో రెండున్నాయి: 2009 వేగనార్‌ది 6 వేలు, 2011 వేగనార్‌ది 4 వేలు. ప్రోగ్రామింగ్ చేయిస్తే ఏదైనా ఒకటేనని, కొత్తదైతే మైలేజీ కూడా పెరుగుతుందని దుకాణదారు అంటున్నాడు. నమ్మవచ్చా?

టంకం కడ్డీ:
2009ది తీసుకోండి, పని జరుగుతుంది. ఇలాంటివి చేసిన అనుభవంతోనే చెబుతున్నాను. ఈసీఎం బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న చిప్ ఒకటి ఉంటుంది. మీ తాళంచెవిలోని చిప్‌ను గుర్తుపట్టే సమాచారం సాధారణంగా అందులోనే. పాత బోర్డు నుంచి దాన్ని చదివి కొత్త బోర్డులోకి రాస్తే బండి ఆ పెట్టెను తనదే అనుకుంటుంది. ఇంధనం, స్పార్కు లెక్కలుండేది వేరే మెమరీలో, దాన్నీ నకలు తీయవచ్చు. రాసేటప్పుడు బ్యాటరీకి చార్జర్ తగిలించి ఉంచాలి. మధ్యలో వోల్టేజీ పడిపోతే రెండో పెట్టె కూడా పోతుంది.

ఆటోనగర్ పాతకాపు:
ముందు ఆ దుకాణదారు మాట పక్కన పెట్టండి. ఆ 2011ది 2010లో వచ్చిన కొత్త మోడల్, పేరుకే వేగనార్. మీ బండిలో ఉన్నది 1061 సీసీ, నాలుగు సిలిండర్లు. దానిది 998 సీసీ కె-సిరీస్ ఇంజను, మూడు సిలిండర్లు. మీ ఇంజనులో క్రాంకు (ఇంజను తిప్పే ప్రధాన ఇరుసు) 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక సిలిండర్ మండాలి. ఆ ఇంజనులో 240 డిగ్రీలకు ఒకసారి. ముగ్గురికి వడ్డించడం నేర్చినవాణ్ని నలుగురి పంక్తిలో నిలబెడితే నాలుగో విస్తరి ఖాళీయే. ఏ ప్రోగ్రామింగూ ఆ బోర్డు మీద లేని నాలుగో ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే భాగం) లైనును పుట్టించలేదు. 4 వేలు ఆదా కాదు, 4 వేలు దండగ.

ఇక టంకం కడ్డీ గారి మాట. తమ్ముడూ, చిప్ నకలు తీయడం నీకు వచ్చు, కాదనను. కానీ ఆ ఈసీఎం నిజంగా పోయిందని ఎవరు చూశారు? చాలా సెన్సర్లకు 5 వోల్టులు పంపేది ఈసీఎమ్మే. ఒక్క సెన్సర్ లోపల షార్టయినా ఆ 5 వోల్టులు కుప్పకూలి పెట్టె చచ్చినట్టే కనిపిస్తుంది. సెన్సర్ల కప్లర్లు (వైర్లు తగిలించే ప్లగ్గులు) ఒక్కొక్కటే పీకుతూ మీటరు చూస్తే దోషి దొరుకుతాడు. అంతకంటే ముందు ఈసీఎంకు 12 వోల్టులు చేరుతున్నాయా, ఎర్త్ బోల్టు తుప్పు పట్టిందా అన్నది చూడాలి. అరగంట పని. నా దగ్గరికి పోయిందని తెచ్చిన పెట్టెల్లో చాలా వాటికి రోగం బయటే ఉండేది.

టంకం కడ్డీ:
పరీక్ష ముందు చేయాలన్నది ఒప్పుకుంటాను. పోయిందని తేలితే మాత్రం 2009ది వద్దనడానికి కారణం లేదు. అదే ఇంజను.

ఆటోనగర్ పాతకాపు:
ఇంజను అదే అయితే సరిపోదు. పెట్టె మీద 33920తో మొదలయ్యే పార్ట్ నంబరు ఉంటుంది, చివరి అక్షరం దాకా కలవాలి. మధ్యలో ఇంజెక్టరో సెన్సరో మారి ఉంటే, అదే సమయం తెరిచినా పోసే పెట్రోల్ వేరవుతుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ సరిదిద్దుతుందని అంటావు. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి అన్న లెక్కకు అది లాక్కొస్తుంది, నిజమే. కానీ సెన్సర్ వేడెక్కాకే కదా? జనవరి తెల్లవారుజామున చల్లటి ఇంజను మీద దాని మాట చెల్లదు. అప్పుడే మిస్సింగ్ మొదలవుతుంది, బండి మళ్లీ మా దగ్గరికే వస్తుంది.

టంకం కడ్డీ:
పాత బోర్డులోని లెక్కలనే దించుతున్నప్పుడు ఇంజెక్టర్ తేడా ఎక్కడిది అన్నగారూ? మీరు చెప్పే మిస్సింగ్ అంతా నకలు తీయకుండా నేరుగా తగిలించేవారి బళ్లలోనిది.

ఆటోనగర్ పాతకాపు:
పాత మెమరీ చదవగలిగితే ఆ మాట నిజం. నీళ్లు తాగిన బోర్డు చదవనిస్తుందా?

కోర్టు గుమాస్తా:
1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణ దీనికి జరిమానా కూడా చేర్చింది. జాగ్రత్త.

టంకం కడ్డీ:
ఆర్సీలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి. ఈసీఎం నంబరు ఏ గడిలో ఉందో చూపించండి. చెడిన భాగానికి బదులు అదే భాగం వేయడం మార్పు ఎలా అవుతుంది? పవర్ పెంచడానికి లెక్కలు తిరగరాస్తే అది వేరే సంగతి, అందులో నేను వేలు పెట్టను.

ఆటోనగర్ పాతకాపు:
ఈ ఒక్కదానిలో తమ్ముడి పక్షమే. పొగ పరీక్షలో మాత్రం బండి నిలబడాలి. ఈ తరం పెట్రోల్ కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు.

నైంనగర్ వాసి:
పాతకాపు గారు చెప్పినట్టే చూశాం. 12 వోల్టులు చేరుతున్నాయి, ఎర్త్ బాగుంది. సెన్సర్లన్నీ పీకినా 5 వోల్టులు రాలేదు. పెట్టె విప్పితే కప్లర్ కాళ్ల దగ్గర పచ్చటి తుప్పు, ఒక రాగి గీత పూర్తిగా తినేసి ఉంది. టంకం కడ్డీ గారికి ఫొటో పంపితే, మెమరీ చిప్‌ల దాకా తడి పోలేదని, గీతకు సన్నటి తీగ అతికి చూస్తానని అన్నారు. శనివారం ఇచ్చి వచ్చాను. 2009 పెట్టె నంబరులో చివరి అక్షరం కలవలేదు, కొనలేదు.

ఆటోనగర్ పాతకాపు:
అతికిన బోర్డు మరో వానాకాలం దాటుతుందని నేను పూచీ ఇవ్వను. బండి తిరిగి వచ్చిన రోజే మెమరీ నకలు ఒకటి తీయించి దాచుకోండి.

టంకం కడ్డీ:
నకలు నిన్ననే తీశాను అన్నగారూ. వానాకాలం సంగతి, నీళ్లు మళ్లీ పడకపోతే దాటుతుంది.

నైంనగర్ వాసి:
ఆ నీళ్ల దారి దొరికింది. వైపర్ల కింది జాలీ మా గేటు ముందున్న వేపచెట్టు ఆకులతో పూర్తిగా పూడుకుపోయి ఉంది. రెండు దోసిళ్లు తీశాను.