ఆక్సిన్ అందినా పైన్ పైకాండంలో వేళ్లు ఎందుకు రావు?

ప్రశ్న:
వృక్షశాస్త్రంలో పీజీ చదువుతున్నాను. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల లోబ్లాలీ పైన్‌కు సంబంధించిన ఒక విషయం నన్ను వదలడం లేదు. 20 రోజుల మొలకలో బీజదళాల కింది కాండాన్ని కోసి ఆక్సిన్ (మొక్కల ఎదుగుదలను నడిపే హార్మోను) పెడితే అబ్బురపు వేళ్లు, అంటే వేరు నుంచి కాక కాండం వంటి భాగాల నుంచి వచ్చే వేళ్లు, పుట్టుకొస్తాయి. 50 రోజుల మొలకలో బీజదళాల పైకాండానికి అదే ఆక్సిన్ ఇచ్చినా దాదాపుగా రావు. తేడా హార్మోను అందడంలో ఉందా, అందిన తరువాత జన్యువులు స్పందించడంలో ఉందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
అందడంలో లేదండి. పైకాండం కూడా ఆక్సిన్‌ను చక్కగానే పీల్చుకుంటుంది, కణాలు విభజన చెందుతాయి కూడా. కాని అవి వేరు మొగ్గగా కూడుకోవు. ఆక్సిన్ తానే వెళ్లి జన్యువును మేల్కొలపదు. మామూలు వేళల్లో ఆక్స్-ఐఏఏ అనే ప్రోటీన్లు ఏఆర్‌ఎఫ్ అనే అనులేఖన కారకాలను (జన్యువులను పనిచేయించే ప్రోటీన్లను) పట్టి ఉంచుతాయి. ఆక్సిన్ వచ్చి టిఐఆర్1 గ్రాహకానికీ ఆ ప్రోటీనుకూ మధ్య జిగురులా చేరడంతో, ఆ ప్రోటీనుపై యుబిక్విటిన్ ముద్ర (నాశనం చేయమనే గుర్తు) పడి, అది ప్రోటియాజోమ్ అనే కణంలోని ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రాంగంలో ముక్కలైపోతుంది. టిఐఆర్1 ఆక్సిన్ గ్రాహకమని 2005లో అరబిడాప్సిస్ మొక్కలో తేలింది. అంటే ఆక్సిన్ అడ్డు తొలగిస్తుంది. ఆ తరువాత ఏ జన్యువు పలుకుతుందన్నది ఆ కణం అప్పటికే ఏ స్థితిలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

జవాబు 2:
ఇందుకు రేడియాటా పైన్ మంచి ఉదాహరణ. 2007లో ప్రచురితమైన పరిశోధనలో, వేళ్లు వేయగల ముక్కలకు ఆక్సిన్ ఇచ్చిన మొదటి 24 గంటల్లోనే, కణ విభజన ఇంకా మొదలుకాకముందే, స్కేర్‌క్రో తరహాకు చెందిన ఎస్‌సీఎల్1 జన్యువు వ్యక్తీకరణ పెరిగింది. వేరులోని లోపలి కణ పొరలను తీర్చిదిద్దే జన్యు కుటుంబమిది. నా దృష్టిలో మీ ప్రశ్నకు అసలు కీలకం ఈ మొదటి రోజే.

జవాబు 3:
ఆక్సిన్‌తోనే లెక్క తెగదు. నార్వే స్ప్రూస్ మొలకల వేళ్లు కోసేసి తెల్లటి వెలుతురులో ఉంచితే, ఆక్సిన్ ఇచ్చినా వేళ్లు రావడం కష్టం. నిరంతరం ఎర్రటి వెలుతురులో ఉంచితే వస్తాయి, ఎందుకంటే అక్కడ వేళ్లను అడ్డుకునే జాస్మోనేట్, సైటోకైనిన్ అనే హార్మోన్ల మోతాదు తగ్గుతుంది.

ఏ జన్యువులు పలుకుతున్నాయో చూడటానికి మీరు ఆర్‌ఎన్‌ఏ తీయదలచుకుంటే ఒక మాట. పైన్‌లో వేరు మొగ్గ తొడిగేది కోత అంచుకు దగ్గరగా, రెసిన్ నాళాలకు ఎదురుగా ఉన్న కొద్దిపాటి కణాల్లోనే. కాండం మొత్తాన్ని నూరితే వాటి సంకేతం మిగతా కణజాలంలో కలిసిపోతుంది కనుక, అడుగు భాగాన్ని మాత్రమే, అదీ మొదటి రోజు గడవకముందే తీసుకోండి.