రిహార్సల్‌లో సొంత దుఃఖాన్ని తవ్వుకోమనడం సరైనదేనా?

అవ్వవేషం:
పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం. అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. మా నాటక బృందం ఒక నాటిక చేస్తోంది, గంట నిడివి, అందులో నాది అరవై ఏళ్ళ అవ్వ పాత్ర. కళ్యాణదుర్గం వైపు పల్లె, నాలుగెకరాల మెట్ట, కొడుకు బెంగళూరులో బిల్డింగు పనికి పోయుంటాడు. వాన పడి చేను పదునైంది, అవ్వ వాకిట్లో కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తుంటే పక్కింటి పిల్లోడు ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొస్తాడు, కొడుకు పైనుంచి పడి చనిపోయాడని.

ఆ సీనులో నాకు ఏడుపు రాలేదు. మా డైరెక్టర్ సార్ నన్ను పక్కకు పిలిచి, మీ నాన్నను ఇంటికి తెచ్చిన రోజు గుర్తు చేసుకో అన్నారు. నాన్న పోయి ఇంకా ఏడాది కాలేదు. గుర్తు చేసుకున్నా, ఏడుపొచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. మరుసటి రోజు అదే గుర్తు చేసుకుంటే అంత రాలేదు, దాంతో ఇంకా లోపలికి పోవాల్సి వచ్చింది, ఆసుపత్రి, అమ్మ అరుపు, అన్నీ. ఇప్పుడు హాస్టల్లో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, రిహార్సల్ టైమ్ దగ్గర పడుతుంటే టెన్షన్. పైగా ఏడుస్తుంటే చివరి డైలాగ్ గొంతులోనే ఆగిపోతోంది, పిల్లోడి వేషం వేసే తమ్ముడికి క్యూ, అంటే తన మాట అందుకోవాల్సిన గుర్తు, అందడం లేదు. సార్ మంచాయన, నన్ను బాధపెట్టాలని కాదు, నటన అంటే ఇదే అంటారు. నిజంగా ఇదేనా?

పరిషత్తుల పాతకాపు:
అమ్మా, మీ నాన్నగారి సంగతి విని బాధ కలిగింది. అయినా మీ సార్ చెప్పింది తప్పు అనలేను. గుండె మీద చెయ్యేసుకుని "కొడకా" అని రాగం తీసే ఏడుపులు, గ్లిజరిన్ ఏడుపులు నాటక పరిషత్తు పోటీల్లో చూసి చూసి విసిగిపోయినవాణ్ణి నేను. రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ మన తాడిపత్రిలో 1880లో పుట్టినవాడు. పద్యాన్ని రాగాలతో సాగదీసే కాలంలో ఆయన భావానికి పెద్దపీట వేసి సహజంగా నటించాడు కాబట్టే ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. నాట్యశాస్త్రం ఏడో అధ్యాయంలో భరతుడు కూడా, దుఃఖం లేనివాడు ఏడుపును ఎలా అభినయిస్తాడు అని అడిగాడు. ఎవరి జీవితం వాళ్ళ దగ్గరే ఉంటుంది, నటుడికి దాన్ని మించిన పెట్టుబడి లేదు. ప్రేక్షకుడు మన కన్నీటిని ఇట్టే పట్టేస్తాడు, అబద్ధమా నిజమా అని. కష్టంగా ఉందని వదిలేస్తే ఎప్పటికీ పైపై నటనే మిగులుతుంది.

పెన్నఒడ్డు:
పాతకాపు గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ ఈ విషయంలో మీతో ఏకీభవించలేను. భరతుడి మాట సగం దగ్గర ఆపేశారు. అదే చోట సత్త్వం, అంటే లోపలి భావాన్ని ఒంటి మీదికి తెచ్చే శక్తి, మనసు ఏకాగ్రత వల్ల పుడుతుందని, మనసు ఎక్కడో పెట్టుకున్నవాడికి కన్నీళ్ళు, గగుర్పాటు లాంటివి రావని చెప్పాడు. ఇప్పుడు ఈ పాప సంగతి చూడండి. సీను జరుగుతున్నది పల్లెలో వాకిట్లో. పాప మనసు ఉన్నది ఆసుపత్రి వరండాలో. ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడ్డ పిల్లోడు ఆమెకు కనపడటమే లేదు, అందుకే వాడికి క్యూ అందడం లేదు. భరతుడు అడిగిన ఏకాగ్రత ఇది కాదు కదా.

సొంత జ్ఞాపకంతో ఏడ్చే ఈ పద్ధతికి అందరూ రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ (1863–1938) పేరు చెబుతారు. ఆయన మొదట్లో దాన్ని వాడిన మాట నిజమే. 1934లో స్టెల్లా ఆడ్లర్ అనే అమెరికన్ నటి పారిస్‌లో ఆయన్ను కలిసి, ఆయన దగ్గర కొన్ని వారాలు పనిచేసి వెళ్ళి తన బృందానికి ఏం చెప్పిందంటే, ఆయన ఇప్పుడు పాత్ర ఉన్న పరిస్థితుల మీద, ఊహ మీద ఎక్కువ ఆధారపడుతున్నాడని. చివరి ఏళ్ళలో ఆయన పాత్ర చేసే పనుల వెంట పోయాడు, అంటే ఈ మనిషి ఈ క్షణంలో ఏం చేస్తోంది, ఎందుకు చేస్తోంది అన్నదాని వెంట. సొంత జ్ఞాపకాన్నే గట్టిగా పట్టుకున్న అమెరికన్ నటనా గురువు లీ స్ట్రాస్‌బర్గ్ కూడా కనీసం ఏడేళ్ళు పాతబడిన జ్ఞాపకాన్నే వాడమన్నాడు. ఇక్కడ తండ్రి పోయి ఏడాది కూడా కాలేదు. అంటే ఆ పద్ధతిని నమ్మేవాళ్ళ లెక్కలో కూడా ఇది తప్పే.

మన సీమ పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం రాత్రంతా ఆడేవాళ్ళు, కాటి సీను కోసం జనం తెల్లవారుజాము దాకా కూర్చునేవాళ్ళు. ఆ వేషగాళ్ళంతా కన్నకొడుకును కాటికి మోసినవాళ్ళా? ఆడవేషాలకు పేరుపడి 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు ఏ సొంత జ్ఞాపకంతో సత్యభామ అయ్యాడు?

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. అక్కడ డైరెక్టర్ ఉన్నాడు, ఎదురుగా చదువుకునే పిల్ల ఉంది. సార్ అడిగితే వద్దనే ధైర్యం ఆ వయసులో ఎంతమందికి ఉంటుంది? ఆమె ఇంట్లో జరిగిన చావును ఆమె అనుమతి లేకుండా రిహార్సల్‌లోకి లాక్కొచ్చే హక్కు ఎవరికీ లేదు, ఆయన ఎంత మంచివాడైనా సరే.

హంద్రీగాలి:
నాది కర్నూలు. నాదో సలహా. సొంత బాధ వద్దంటే ఇంకొకరిది చూడొచ్చు కదా. అనంతపురం జిల్లా పల్లెల్లో కొడుకును పోగొట్టుకున్న తల్లులు లేరా? ఒకరోజు పోయి కూర్చుని, ఎలా మాట్లాడతారో, ఎలా ఏడుస్తారో చూసి రావచ్చు. పెద్ద నటులంతా పరిశీలనతోనే నేర్చుకుంటారు.

పెన్నఒడ్డు:
హంద్రీగాలి అన్నా, వద్దు. ఏడుపు చూడటానికి ఎవరింటికీ పోకూడదు. మనం నాటిక వేసి కప్పు తెచ్చుకుంటాం, ఆ తల్లికి ఏం మిగులుతుంది? పోవాలనుకుంటే శెనక్కాయలు ఒలిచే చోటికి పోవాలి. వాళ్ళతో కూర్చుని ఒక పూట ఒలిచి రావాలి. అలా కూర్చుంటే వాళ్ళే మాట్లాడతారు, మనం అడగక్కర్లేదు.

కడపక్క:
అందరూ ఏడుపు గురించే మాట్లాడుతున్నారు. చెల్లీ, నువ్వు అరవై ఏళ్ళ మనిషిలా నేల మీద నుంచి లేస్తున్నావా, ముందు అది చెప్పు. చాలామంది పిల్లలు ముసలి వేషం అంటే నడుం వంచి గొంతు వణికిస్తారు. పొలం పని చేసిన అవ్వలకు నడుం కంటే మోకాళ్ళతోనే ఇబ్బంది. లేవాలంటే ముందు చెయ్యి దేన్నో వెతుక్కుంటుంది, గోడో, చాటో, పక్కనున్న పిల్లోడి భుజమో. నీ సీనులో పక్కన పిల్లోడు ఉన్నాడు. కబురు విన్నాక లేవడానికి వాడి భుజమే పట్టుకోవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఒకసారి చేసి చూడు.

సురభి నాటక సమాజం పుట్టింది మా జిల్లాలోనే, 1885లో సురభి ఊళ్ళో కీచకవధ ఆటతో. ఆ కుటుంబాల పిల్లలు తెర పక్క నుంచి చూస్తూ పెరిగి చిన్నప్పుడే లోహితాస్యుడో, ప్రహ్లాదుడో అయ్యేవాళ్ళు. పాము కరిచి చచ్చిపోయే వేషం వేసే పిల్లవాడికి ఏ చావు గుర్తు చేసి నేర్పుతారు? ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పడాలి, పద్యం ఎక్కడ ఆపాలి, ఇవే నేర్పుతారు. చూసేవాళ్ళు వాటికే ఏడుస్తారు.

ఇంకో చిన్న సంగతి. స్క్రిప్ట్‌లో అవ్వ కొడుకును ఏమని పిలుస్తోంది? కళ్యాణదుర్గం అవ్వ నోట పుస్తకం భాష పెట్టి ఉంటే రచయితను అడిగి మార్పించుకో. నీ నోరు తిరగని మాటతో నువ్వు ఎంత లోతుకు దిగినా లాభం లేదు.

పరిషత్తుల పాతకాపు:
పెన్నఒడ్డు గారూ, ఏడేళ్ళ మాట నాకు కొత్త. దాన్ని ఒప్పుకుంటాను, ఏడాది తిరగని దుఃఖాన్ని ముట్టుకోకూడదు. కానీ మీరు సులువుగా దాటేసిన విషయాలు రెండున్నాయి. మీరు ఊహ అంటున్నారు, ఆ ఊహకు సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? కొడుకు చావు కబురు ఊహించుకోమంటే ఈ అమ్మాయికి వాళ్ళ నాన్నే గుర్తొస్తాడు, మీరు తలుపు వేసినా వస్తాడు. రెండోది, టైమ్. ఈ పిల్లలు క్లాసులయ్యాక సాయంత్రం వస్తారు, ఒకరోజు కరెంటు ఉండదు, ఒకరోజు పిల్లోడి వేషం వేసేవాడు రాడు. పరిస్థితులు, పనులు అంటూ నెమ్మదిగా కట్టుకుంటూ పోయే తీరిక కాలేజీ డైరెక్టర్‌కు ఎక్కడిది? పోటీ తేదీ ఆగదు. నేనైనా ఆయన స్థానంలో ఉంటే దగ్గర దారే వెతికేవాణ్ణి.

పెన్నఒడ్డు:
మీ మొదటి మాట నిజం. నాన్న గుర్తొస్తాడు. దానంతట అది వస్తే రానిద్దాం, సీను నడుస్తూనే ఉంటుంది, చేతులు పనిచేస్తూనే ఉంటాయి, ఆ జ్ఞాపకం వచ్చి వెళ్ళిపోతుంది. నేను వద్దనేది దాన్ని రోజూ సాయంత్రం ఆరు గంటలకు పిలిచి కూర్చోబెట్టమనడం.

టైమ్ గురించి మాత్రం ఒప్పుకోను. కన్నీళ్ళ కోసం వెచ్చించిన సాయంత్రాలన్నీ కలిపితే ఈ పని ఎప్పుడో అయిపోయేది. చెల్లెమ్మా, నీ సీనులో బ్రహ్మాండమైన వస్తువు ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వాన పడింది, పదునుంది, రెండు మూడు రోజుల్లో విత్తకపోతే పదును ఆరిపోతుంది. ఆ అవ్వకు ఈ పూట గింజలు ఒలవడం చాలా అవసరం. విత్తన గింజ చేత్తో ఎందుకు ఒలుస్తారో తెలుసు కదా, పప్పు చీలినా పైపొర చిట్లినా సరిగ్గా మొలవదు. మంచి గింజ ఒక చాటలోకి, నలిగింది ఇంకో గిన్నెలోకి, ఊరుబిండి పచ్చడికి. కబురు వినేదాకా అవ్వ వేళ్ళు ఆ లెక్క తప్పవు. నిజం కాయలు తెచ్చుకో, ఉత్తుత్తి చేతులతో చేయొద్దు. కబురు విన్నాక నీ చేతులు ఏం చేస్తాయో ముందే అనుకోవద్దు. ఏడవాలని కూడా అనుకోవద్దు. అవ్వకు ఏడవాలని ఉండదు, ఆ మాట అబద్ధం కావాలని ఉంటుంది. పిల్లోడి నోటి నుంచి "కాదు, తప్పు నంబరు" అనే మాట రాబట్టాలని ఉంటుంది. దాని కోసం వాణ్ణి అడుగు.

అవ్వవేషం:
అందరికీ థ్యాంక్స్. నిన్న సార్‌తో మాట్లాడాను. నాన్న సంగతి ఇక వాడలేను సార్ అని చెప్పడానికి చాలా భయమేసింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత సరేమ్మా అన్నారు, నీకు అంత కష్టంగా ఉందని నాకు తెలియలేదు అన్నారు.

మార్కెట్ నుంచి కాయలు తెచ్చుకుని సీను మొత్తం ఒలుస్తూనే చేశాను. మొదట్లో గింజలు చీలిపోతున్నాయి, వేలి చివరలు మండుతున్నాయి, డైలాగ్ మర్చిపోతున్నా. తర్వాత చేతులకు అలవాటైంది. పిల్లోడు కబురు చెప్పాక "ఏ బిల్డింగు? మావోడు పనిజేసేది కింద గదరా" అని అడిగే లైను ఉంది, ఇంతకుముందు దాన్ని ఏడుపులో మింగేసేదాన్ని. నిన్న నిజంగానే వాణ్ణి అడిగాను. వాడు జవాబు చెప్పలేక తల దించుకున్నాడు. నా చేతిలో ఉన్న గింజ నలిగిపోయింది, దాన్ని తీసుకెళ్ళి విత్తనాల చాటలో వేశాను, వేసిన వెంటనే చెయ్యి తిరిగెళ్ళి దాన్ని వెతకడం మొదలుపెట్టింది. అన్నీ ఒకేలా ఉన్నాయి, దొరకలేదు. కన్నీళ్ళు కొంచెమే వచ్చాయి, కానీ చివరి డైలాగ్ వెనక వరస దాకా వినపడిందని లైట్లు చూసే అన్న చెప్పాడు.

సార్‌కు పూర్తిగా నచ్చలేదు. చేతులు బాగున్నాయి, కానీ జడ్జీలకు కన్నీళ్ళు కనపడాలి అంటున్నారు. శనివారం దాకా ఇలాగే చేసి అప్పుడు చూద్దామన్నారు. కడపక్కా, భుజం పట్టుకుని లేవడం బాగా కుదిరింది, కానీ తమ్ముడు బక్కోడు, ఇద్దరం పడబోయాం, ఇంకా ప్రాక్టీసు చేయాలి.

పరిషత్తుల పాతకాపు:
అమ్మా, ఆ గింజ వెతకడం ఉంచుకో, ఎవరు తీసేయమన్నా తీయొద్దు. కన్నీళ్ళ విషయంలో మాత్రం నేను మీ సార్ వైపే. ముందు వరస జడ్జీలకు చేతులు కనపడతాయి, వెనక వరస జనానికి కనపడవు, వాళ్ళకు ముఖంలో, గొంతులో ఏదో ఒకటి అందాలి. చాటను నీ ఒళ్ళోంచి తీసి ముందుకు, స్టేజీ అంచు వైపు ఏటవాలుగా పెట్టించుకో, లైటు దాని మీద పడేలా చూడమను.

పెన్నఒడ్డు:
చాట ముందుకు పెట్టడం మంచి మాట. కన్నీళ్ళ మీద మన తగువు తేలలేదు పాతకాపు గారూ. శనివారం రిహార్సల్ అయ్యాక పాప ఏం జరిగిందో రాస్తే అక్కడి నుంచి మాట్లాడదాం.