హోమ్ కేర్ సంస్థకు మార్కెటింగ్ మనిషిని ఎప్పుడు పెట్టుకోవాలి?

ప్రశ్న (భీమవరం నుంచి)

అందరికీ నమస్కారం. మంచాన పడ్డ పెద్దవాళ్లకూ, ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినవాళ్లకూ అటెండెంట్లను పంపే చిన్న సంస్థను రెండున్నరేళ్లుగా నడుపుతున్నాను. పద్నాలుగు మంది అటెండెంట్లు ఉన్నారు, వారిలో పన్నెండు మంది ప్రస్తుతం డ్యూటీలో ఉన్నారు. ఇరవై నాలుగు గంటల కేసుకు నెలకు 24,000 రూపాయలు తీసుకుని అటెండెంటుకు 18,000 ఇస్తాను. ఆసుపత్రులకు ఇంతవరకు నేనే తిరుగుతున్నాను. ఇప్పుడు 22,000 జీతం, 4,000 పెట్రోలు ఖర్చుతో ఒక కుర్రాడిని మార్కెటింగుకు పెట్టుకోవాలని ఉంది. అయిదు కేసులు తెస్తే అతని ఖర్చు గిట్టుబాటవుతుందని నా లెక్క. ఇది తగిన సమయమేనా?

సమాధానం (రాజమహేంద్రవరం నుంచి)

మీ లెక్కలో కేసుకు ఆరు వేలూ మిగులుతున్నట్టు రాశారు గాని, బదులు మనిషిని పంపిన రోజుల ఖర్చు, ఫోన్లు, రాని బాకీలు తీసివేస్తే నాలుగు వేలు మిగలడం గొప్ప. అంటే అయిదు కాదు, ఏడు కేసులు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్నవారు కాస్త నడవగానే అటెండెంటును మాన్పించేస్తారు. సగటున ఆరు వారాలకు ఒక కేసు ముగుస్తుందనుకుంటే, ఏడు నిలబడటానికి అతను నెలకు దాదాపు అయిదు కొత్త కేసులు తేవాలి. తెచ్చాడే అనుకుందాం, ఖాళీగా ఉన్న ఇద్దరు అటెండెంట్లతో ఏడు ఇళ్లకు ఎవరిని పంపుతారు?

ముందు ఒక నెలపాటు వచ్చిన ప్రతి ఫోన్‌నూ నోటుపుస్తకంలో రాయండి. కేసు ఎందుకు కుదరలేదో పక్కన రాయడం మరువకండి. మనుషులు ఖాళీగా కూర్చుని, ఫోన్లు రాకపోతే మార్కెటింగ్ మనిషి అవసరం.

సమాధానం (అమలాపురం నుంచి)

నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. డిశ్చార్జి రోజున కుటుంబసభ్యులు "ఎవరైనా మంచి మనిషి దొరుకుతారా అమ్మా" అని అడిగేది మమ్మల్నీ, ఫిజియోథెరపిస్టునూ. మా టేబుల్ మీద క్యాలెండర్లూ విజిటింగ్ కార్డులూ చాలానే ఉంటాయి గాని, మేము చెప్పేది మా కళ్లతో చూసిన మనిషి గురించి. కిందటి నెలలో ఒక సంస్థవారు డిశ్చార్జికి ముందురోజే అటెండెంటును వార్డుకు పంపారు. తల వైపు ఎత్తుపెట్టి రైల్స్ ట్యూబులో (ముక్కు గుండా పొట్టలోకి వేసే గొట్టం) పాలు ఎలా పోయాలో, పడక పుండ్లు రాకుండా రెండు గంటలకొకసారి ఎలా పక్కకు తిప్పాలో ఆమె నా దగ్గర నిలబడి చేసి చూపించింది. ఆ సంస్థ నంబరును తరువాత నేనే ముగ్గురికి ఇచ్చాను.

ఇంకొక మాట. కుర్రాడిని పెడితే అతను మొదట అడిగేది డాక్టర్లకు కమీషన్ ఎంత ఇవ్వాలన్నదే. రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ పుచ్చుకోవడాన్ని 2002 నాటి వైద్య మండలి వృత్తి నియమావళి నిషేధించింది. మీరు ఆ దారిలోకి వెళ్లకండి.

సమాధానం (తణుకు నుంచి)

పై ఇద్దరి మాటలూ సబబే గాని, నేను అలాగే ఆగి ఆగి నష్టపోయాను. నాకు తీరిక లేక మూడు నెలలు ఆసుపత్రులకు వెళ్లకపోతే, ఆ ఖాళీలోకి వేరే సంస్థ వచ్చి కూర్చుంది.

సమాధానం (టెక్సాస్ నుంచి, సొంతూరు పాలకొల్లు)

డబ్బు కట్టే వాళ్ల వైపు నుంచి చెబుతున్నాను. ఇక్కడ ఉద్యోగం ముగించుకుని సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తే మీకు తెల్లవారుజామున నాలుగున్నరో, అయిదున్నరో అవుతుంది. మా నాన్నగారికి మనిషి కోసం వెదికినప్పుడు ఒక సంస్థ మార్కెటింగ్ అబ్బాయి శిక్షణ పొందిన నర్సును పంపుతామని ఎంతో తీయగా చెప్పాడు. వచ్చినామె అంతకుముందు బి.పి. మిషను పట్టుకుని ఎరుగదు. ఆ అబ్బాయి మరి ఫోన్ ఎత్తలేదు. చివరికి మేము కుదుర్చుకున్నది, ఆ వేళకు ఫోన్ ఎత్తి, "ఈ వారం మనిషి లేరండీ, సోమవారానికి చెబుతాను" అని, సోమవారం నిజంగా చెప్పినవారిని.

ప్రశ్న అడిగినవారు, నెల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. పుస్తకం రాశాను. మొత్తం 23 ఫోన్లు వచ్చాయి. నాలుగు కేసులు కుదిరాయి, మనిషి లేక తొమ్మిదింటిని వదులుకున్నాను, ఆరుగురు ధర ఎక్కువన్నారు. మిగిలిన నలుగురికి తిరిగి ఫోన్ చేయడం నేనే మరిచిపోయాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అందుకని కుర్రాడి ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాను. ఫోన్లూ డ్యూటీల పట్టికా చూసుకోవడానికి, గతంలో ఆసుపత్రి రిసెప్షన్‌లో చేసిన ఒకావిడను పెట్టుకుంటున్నాను. తణుకువారు చెప్పిన భయం నాకూ ఉంది కనుక, అలా మిగిలిన పూట నేను ఆసుపత్రులకు వెళతాను. కొత్త అటెండెంట్లను కూడా ఇప్పుడే చేర్చుకుంటున్నాను, ఎందుకంటే కనుమ దాటి పిల్లలు తిరుగు ప్రయాణం కట్టే రోజుల్లోనే మాకు ఫోన్లు ఎక్కువ, పండక్కి ఊళ్లకు వెళ్లిన మా అటెండెంట్లు తిరిగి రానిది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. పండుగ వారంలో మనుషులను నిలుపుకోవడానికి మీరెవరైనా రోజుకు అదనంగా ఎంత ఇస్తున్నారో చెప్పగలరా?