జపాను రాక్ పాటలో మాతృభాష తాళానికి ఎలా ఒదిగింది?

ప్రశ్న: తీగలమోత

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో మేము నలుగురు మిత్రులం మూడేళ్లుగా రాక్ సంగీతం సాధన చేస్తున్నాము. నేను గిటారు వాయిస్తాను, పాటలు రాసే పని కూడా నాదే. ఇంగ్లీషు పాటలు వాయించేటప్పుడు ఎదురుకాని చిక్కు, సొంతంగా తెలుగులో రాసుకున్న పాటను డ్రమ్స్ మీదికి ఎక్కించగానే వచ్చిపడుతోంది. కాగితం మీద ఎంతో బాగున్న చరణం, వాయిద్యాలు కలిసేసరికి బడిపిల్లలు వల్లెవేసే గేయంలా వినిపిస్తోంది. తెలుగు మాటలన్నీ అచ్చుతో ముగుస్తాయి గనుక దెబ్బకు దెబ్బగా తెగవని, ఈ సంగీతానికి మన భాష పనికిరాదని మా డ్రమ్మర్ తేల్చి చెప్పాడు. ఆ మాటకు నా మనసు ఒప్పుకోవడం లేదు, కానీ అది తప్పని చూపించడానికి నా చేతిలో ఒక్క పాట కూడా లేదు.

ఇలాంటి సమయంలో ఏషియన్ కుంగ్ ఫూ జనరేషన్, బంప్ ఆఫ్ చికెన్ బృందాల పాటలు విన్నాను. పేర్లు ఇంగ్లీషువే అయినా పాడేది జపనీసులో. ఆ భాషలోనూ దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, అయినా పాటలో ఎక్కడా తడబాటు వినిపించలేదు. జపనీసులో రాక్ పాడవచ్చునా అన్న వాదన 1970 ప్రాంతంలో అక్కడ పెద్ద ఎత్తున జరిగిందని తెలిసింది. ఆ వాదన ఏమిటి, ఎవరు ఏ ఉపాయంతో దాన్ని దాటారు, అందులో తెలుగులో రాసేవారికి అక్కరకొచ్చేది ఏమైనా ఉందా? తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

జవాబు: పాతరికార్డులు

తీగలమోత గారూ, మంచి ప్రశ్న వేశారు. మీ డ్రమ్మర్ గారు అన్న మాటే యాభై ఏళ్ల కిందట తోక్యోలో చాలా పెద్దవాళ్లు అన్నారు.

1966 జూన్ నెలాఖరున బీటిల్స్ బృందం తోక్యోలోని బుడోకాన్ మందిరంలో కచేరీలు చేసింది. ఆ ఊపులో స్పైడర్స్, టైగర్స్, టెంప్టర్స్ వంటి బృందాలు వెల్లువలా వచ్చాయి. వీటిని గ్రూప్ సౌండ్స్ అనేవారు. వీరు జపనీసులోనే పాడినా, పేరు తెచ్చిన పాటలు చాలావరకు వృత్తి రచయితలు, సంగీత దర్శకులు కట్టినవే కావడంతో అవి అప్పటి సినిమా, రేడియో పాటల ధోరణిలోనే ఉండేవి. అందువల్ల కొత్తతరం కుర్రవాళ్లకు జపనీసు అంటే వ్యాపార పాట, ఇంగ్లీషు అంటే అసలైన రాక్ అన్న భావన కలిగింది. ఆ రోజుల్లో అలా అనుకోవడంలో వింత లేదు.

ఇంగ్లీషు పక్షాన గట్టిగా నిలిచినవారు ఉచిదా యూయా. బుడోకాన్‌లో బీటిల్స్‌కు ముందు వేదికెక్కిన జపాను కళాకారుల్లో ఆయన ఒకరు. జపనీసు మాట రాక్ లయ మీద కూర్చోదన్నది ఆయన అభిప్రాయం. దేశం దాటి వెళ్లాలంటే ఇంగ్లీషే కావాలన్నది ఆయన ఆశయం. మాటలతో ఊరుకోకుండా ఫ్లవర్ ట్రావెలిన్ బ్యాండ్‌ను నిలబెట్టి, ఆ బృందం కెనడా దాకా వెళ్లడానికి కారకులయ్యారు. 1971లో వచ్చిన వారి 'సతోరి' వింటే ఆ పక్షాన్ని తేలిగ్గా తీసిపారేయలేము. అందులో పాటలకు విడివిడి పేర్లు కూడా లేవు, ఒకటి నుంచి ఐదు వరకు అంకెలే ఉంటాయి. మాటలు బహు తక్కువ, గిటారే కథంతా నడుపుతుంది. భాష చిక్కును ఆ బృందం ఒకవిధంగా మాటలు తగ్గించుకుని దాటిందని నా అభిప్రాయం.

అవతలి పక్షం హ్యాపీ ఎండ్. హొసోనో హరువోమి, ఓతకి ఎయిచి, సుజుకి షిగెరు, మత్సుమోతో తకాషి అనే నలుగురి బృందం అది. ఇంగ్లీషు పేరును జపనీసులో పిల్లలు మొదట నేర్చుకునే హిరగానా లిపిలో రాసుకోవడంలోనే వారి ఉద్దేశం తెలిసిపోతుంది. 1970 ఆగస్టులో మొదటి రికార్డు, 1971 నవంబరులో 'కజెమాచి రోమన్' వచ్చాయి. ఈ రెండింటికీ నడుమ, 1971లోనే, 'న్యూ మ్యూజిక్ మ్యాగజైన్' పత్రిక చర్చా వేదికలో రెండు పక్షాలవారూ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు.

'కజెమాచి' అంటే గాలుల ఊరు. పాటలు రాసిన మత్సుమోతో తోక్యోలోని అవొయామాలో పుట్టి పెరిగారు. 1964 ఒలింపిక్స్ కోసం రోడ్లు వెడల్పు చేసినప్పుడు ఆయన ఎరిగిన వీధులు మాయమయ్యాయి. ఆ పోయిన ఊరిని పాటల్లో మళ్లీ కట్టుకున్నారు. రికార్డు అట్ట తెరిస్తే లోపల ట్రాము బొమ్మ ఉంటుంది. ఆ సంవత్సరాల్లోనే తోక్యో వీధుల్లోంచి ట్రాములు ఒక్కొక్కటిగా సెలవు తీసుకుంటున్నాయి. ఇలాంటి విషయాన్ని ఇంగ్లీషులో ఎలా పాడతారు? 'కజె ఓ అత్సుమెతె' పాటలో ఆయన వాక్యాన్ని 'దెసు' అనే మర్యాద రూపంతో ముగించారు. రాక్ పాటలో నాయకుడు తన కోరికను 'అండీ' చేర్చి చెప్పుకున్నట్టు ఊహించండి. అరుపు లేదు, బెదిరింపు లేదు, పక్కింటి అబ్బాయి మాట్లాడినట్టు ఉంటుంది. నాకు ఆ బృందంలో అన్నిటికన్నా నచ్చేది ఈ ధైర్యమే.

జవాబు: మాత్రాగణం

చరిత్రను పాతరికార్డులు గారు చక్కగా చెప్పారు. నేను భాష సంగతికి వస్తాను. తెలుగు ఛందస్సు కొద్దిగా తెలిసినవారికి ఈ విషయం ఇంగ్లీషు వారికన్నా సులువుగా అర్థమవుతుంది.

జపనీసులో మాట పొడవును కొలిచే ప్రమాణం మన మాత్రకు దాదాపుగా సరిపోతుంది. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. 'కిత్తె' అంటే తపాలా బిళ్ల. వారి లెక్కలో అది మూడు మాత్రలు. మన 'అమ్మ' కూడా ద్విత్వం ముందున్న అక్షరం గురువు కావడం వల్ల మూడు మాత్రలే. 'హొన్' అంటే పుస్తకం, రెండు మాత్రలు. 'నిప్పొన్' అంటే జపాను, నాలుగు. మన గణ విభజన చేసినా రెండు గురువులు, నాలుగు మాత్రలే వస్తాయి. హైకూలో లెక్కించే ఐదు, ఏడు, ఐదు కూడా ఈ మాత్రలే.

ఇక చిక్కు ఎక్కడ వస్తుందో చూడండి. ఇంగ్లీషులో చాలా మాటలు ఒకటి రెండు దెబ్బల్లో పూర్తవుతాయి. క్రిస్మస్ అన్నది వారికి రెండు అక్షరాల ఉచ్చారణ, జపనీసులోకి వచ్చేసరికి 'కురిసుమసు' అయి ఐదు మాత్రలు తీసుకుంటుంది. అంటే అదే రాగపు వరుసలో పట్టే విషయం సగానికి సగం తగ్గిపోతుంది. రెండోది, ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది, డ్రమ్స్‌లో ఠక్కున మోగే స్నేర్ దెబ్బను ఆ ఊనికకు కలిపితే చాలు. జపనీసులో అలాంటి ఊనిక లేదు, స్వరం ఎత్తు తగ్గులే ఉంటాయి. తోక్యో పలుకుబడిలో 'హషి' అనే మాటను మొదట ఎత్తి పలికితే చాప్‌స్టిక్స్, చివర ఎత్తి పలికితే వంతెన. 'అకతొంబొ' పాటకు బాణీ కట్టిన యమదా కోసకు వంటి పాత స్వరకర్తలు ఈ ఎత్తుపల్లాలను రాగంలో నిలుపుకోవడానికి ఎంతో శ్రమపడ్డారు. రాక్ బృందాలు ఆ నియమాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

తీగలమోత గారు చెప్పిన బడిపాట తీరుకు కారణం కూడా ఇక్కడే ఉంది. జపాను పాత పాటల్లో ఏడు, ఐదు మాత్రల పాదాలు ఎక్కువ. ఏడుకు ఒక విరామం, ఐదుకు మూడు విరామాలు కలిపితే ఎనిమిది, ఎనిమిది చొప్పున నాలుగు దెబ్బల తాళంలో చక్కగా ఇమిడిపోతాయి. మాత్రకొక స్వరం చొప్పున, తాళం మొదటి దెబ్బతోనే మాటను ఎత్తుకుంటూ పోతే అంతా సరిగ్గా సరిపోతుంది, సరిపోవడం వల్లనే ప్రార్థన గీతంలా వినిపిస్తుంది. ఓతకి పాడే తీరు వినండి. మాటను నడుమ విరిచి సగం ఈ ఆవృత్తంలో, అంటే తాళం ఒక చుట్టులో, సగం తరువాతి ఆవృత్తంలో పెడతారు. ఒక అచ్చును పట్టుకుని సాగదీస్తారు, ఆ వెంటనే రెండు మూడు మాత్రలను ఒక్క స్వరంలో కుక్కుతారు. మొదటి రికార్డులోని 'హరుయొ కొయి' మొదటిసారి విన్నప్పుడు జపనీసు వచ్చినవారికి కూడా మాట ఎక్కడ తెగిందో తెలియక ఒక్క క్షణం ఆగవలసి వస్తుంది. కవితను వారు మార్చుకోలేదు, కవిత తాళంలోకి అడుగుపెట్టే చోటును మార్చుకున్నారు.

జవాబు: కవాసాకి నుంచి

నేను పదకొండేళ్లుగా ఇక్కడ, జపానులోని కవాసాకి నగరంలో, ఉద్యోగం చేస్తున్నాను. పై ఇద్దరూ చెప్పినదాన్ని గౌరవిస్తూనే ఒక చోట విభేదిస్తున్నాను. వాదన హ్యాపీ ఎండ్‌తో తీరిపోయిందనడం వెనక్కి తిరిగి చూసి చెప్పే మాట. ఆ బృందం 1972 చివరికే విడిపోయింది, ఆనాడు వారి రికార్డులు కొన్నవారు కొద్దిమందే. 'కజెమాచి రోమన్' జపాను రాక్ రికార్డుల్లో మొదటి స్థానంలో నిలిచిందని రోలింగ్ స్టోన్ జపాను సంచిక ప్రకటించింది 2007లో.

వీధిలో పాటను గెలిపించినవారు వేరు. 1972లో యజావా ఎయికిచి ఉన్న కెరోల్ బృందం వచ్చి జపనీసు మాటలను ఇంగ్లీషు యాసలో పలికింది, నడుమ నడుమ ఇంగ్లీషు ముక్కలు గుచ్చింది. 1978 జూన్‌లో సదరన్ ఆల్ స్టార్స్ తొలి పాటలో కువతా కెయిసుకె ఇంకా ముందుకు వెళ్లి, అర్థం చెవికి అందకపోయినా ఫరవాలేదన్నంత వేగంగా, నాలుక మడతపెట్టి పాడారు. ఈ పద్ధతి మాట స్పష్టతను తాళానికి బలి పెట్టింది, కానీ లక్షలాది జనం దానికే ఊగారు. తరువాత వచ్చిన ఎక్స్ బృందం, అంటే నేటి ఎక్స్ జపాన్, 1989 నాటి 'బ్లూ బ్లడ్'లో రెండు భాషలనూ పక్కపక్కనే నడిపింది.

నా మనసుకు దగ్గరైనవారు బ్లూ హార్ట్స్. 1987లో రికార్డుల రంగంలోకి వచ్చిన ఈ బృందం, పైవారంతా తప్పించుకు తిరిగిన దారినే నడిచింది. మాత్రకొక స్వరం, ప్రతి అక్షరం స్పష్టం, ఐదో తరగతి పిల్లవాడికి కూడా తెలిసిన మాటలు. 'లిండా లిండా' దాదాపు గిటారు ఒక్కదానితో నెమ్మదిగా మొదలవుతుంది. మురికికాలువ ఎలుకలా అందంగా ఉండాలని గాయకుడు కోరుకుంటాడు, ఆ తరువాత డ్రమ్స్ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. గేయంలా వినిపించడం తప్పు కాదని, దాని వెనుక వేగం, ఆవేశం ఉంటే అదే బలమవుతుందని ఆ పాట వింటే తెలుస్తుంది.

ఒకసారి మా వీధిలోని ఉన్నత పాఠశాల ఉత్సవానికి వెళ్లాను. వ్యాయామశాలలో విద్యార్థుల సంగీత బృందం ఈ పాటను వాయించింది. డ్రమ్స్ దగ్గర కూర్చున్న అమ్మాయి వేగం అందుకోలేక రెండుసార్లు వెనకబడింది. గాయకుడు వెనక్కి తిరిగి కాలితో తాళం చూపించాడు. నేల మీద కూర్చున్న పిల్లలందరూ పల్లవి అందుకోగానే ఆ అమ్మాయి వారి గొంతులను పట్టుకుని తాళంలోకి వచ్చేసింది. మాట స్పష్టంగా ఉండబట్టే అంతమందీ కలిసి పాడగలిగారు, పాట నిలబడింది.

తీగలమోత

ముగ్గురికీ ధన్యవాదాలు. మాత్రాగణం గారి జవాబు చదివి నా పల్లవిని మాత్రలతో కొలిచాను. 'చెరువుగట్టుపై చింతనీడలో' అన్నది మొదటి పాదం. చెరువు మూడు, గట్టు మూడు, పై రెండు. చింత మూడు, నీడ మూడు, లో రెండు. ఎనిమిదీ ఎనిమిదీ సరిగ్గా వచ్చాయి. నాలుగు దెబ్బల ఆవృత్తంలో మొదటి దెబ్బతోనే ఎత్తుకుంటున్నాము. సరిపోయింది, కానీ ప్రాణం లేదు.

మాత్రాగణం

మూడు, మూడు, రెండు నడక మీకు తెలియకుండానే వచ్చింది, అది ఎంతో మంచి నడక. దాన్ని మార్చకండి. లోపం ఎత్తుగడలో ఉంది. స్నేర్ రెండో దెబ్బకు, నాలుగో దెబ్బకు మోగుతుంది. ఆవృత్తాన్ని ఎనిమిది మాత్రలుగా చూస్తే అవి మూడో మాత్ర, ఏడో మాత్ర. మీరు మొదటి మాత్రతోనే ఎత్తుకుంటే మూడో మాత్రకు 'చెరువు'లోని 'వు' వస్తుంది, రెండో ఆవృత్తంలో 'చింత'లోని 'త' వస్తుంది. మాటలో అన్నిటికన్నా బలహీనమైన చివరి అక్షరాన్ని స్నేర్ కొడుతోంది. మీ డ్రమ్మర్ గారు విన్నది ఇదే అయి ఉంటుంది.

రెండు మాత్రలు ఖాళీగా వదిలి, మూడో మాత్రకు 'చె' ఎత్తుకోండి. అప్పుడు ఏడో మాత్ర 'గట్టు'లోని ద్విత్వం బిగిసే చోట పడుతుంది. 'పై' తరువాతి ఆవృత్తం మొదటి దెబ్బకు వాలుతుంది. మళ్లీ మూడో మాత్రకు 'చిం' వస్తుంది, ఏడో మాత్ర 'నీ' దీర్ఘంలో పడుతుంది, 'లో' మళ్లీ మొదటి దెబ్బకు చేరుతుంది. స్నేర్ పడిన ప్రతిచోటా మాట మొదటి అక్షరమే ఉంటుంది. ద్విత్వాన్ని మెత్తగా జారవిడవకండి, కిత్తెలో జపాను గాయకుడు ఆగినట్టు ఆ ఒక్క మాత్రా నోరు బిగించి ఆగండి.

తీగలమోత

నిన్న రాత్రి సాధనలో మీరు చెప్పినట్టే రెండు మాత్రలు వదిలి ఎత్తుకున్నాము. మొదటి నాలుగైదు సార్లు నేనే తొందరపడి ముందే పాడేశాను, అలవాటు తప్పించుకోవడం కష్టమైంది. ఆ తరువాత ఒకసారి 'గట్టు' దగ్గర ఆగి వదిలినప్పుడు స్నేర్ సరిగ్గా ఆ నిశ్శబ్దంలో మోగింది. మా డ్రమ్మర్ కర్రలు ఆపకుండానే తల ఎత్తి నా వైపు చూశాడు. అలా ఇరవై నిమిషాలు ఆ ఒక్క పాదమే వాయించాము. ఇంటికి బయలుదేరేటప్పుడు రెండో పాదం ఏమిటని అతనే అడిగాడు. ఇంకా రాయలేదు, ఈ ఆదివారానికి రాసి తీసుకువెళ్లాలి.